ఇచ్చెయ్, సారీ చెప్పు, చేతులు కలపండి: పిల్లలకు మంచితనం ఎలా అబ్బుతుంది?

పిల్లాడు పరిగెత్తుతూ గడప తగిలి పడతాడు. అమ్మమ్మో నానమ్మో గబగబా వచ్చి ఎత్తుకుని, "నిన్ను కొట్టిందా ఈ గడప? ఉండు, దీని పని చెబుదాం" అంటూ గడపను రెండు దెబ్బలు వేస్తుంది. ఏడుపు ఆగుతుంది. అదే పిల్లాడు అన్నం తినకపోతే "తింటావా, పక్కింటి పాపకి పెట్టెయ్యనా?" అంటాం. బొమ్మలు సర్దకపోతే "అన్నీ మూటకట్టి పనమ్మాయి కొడుక్కి ఇచ్చేస్తా చూడు" అంటాం. ఇవన్నీ ప్రేమతో అనే మాటలే, తరతరాలుగా అంటున్నవే. కానీ రెండేళ్ల పిల్లలకు వీటిలోంచి ఏం అందుతోందో ఒక్కసారి ఆలోచించండి. నాకు నొప్పి కలిగితే ఎవరినో ఒకరిని తిరిగి కొట్టాలి, అప్పుడు తగ్గుతుంది. నా వస్తువు ఇంకొకరి చేతికి వెళ్లిందంటే నాకు శిక్ష పడినట్టు. కొన్నేళ్లు ఇలా పెంచి, స్కూల్లో వేశాక వాళ్లనే కూర్చోబెట్టి "అందరితో పంచుకోవాలి నాన్నా, ఎవరేమన్నా మనసులో పెట్టుకోకూడదు" అని చెబుతాం.

దయ, ఇచ్చే గుణం, క్షమించే గుణం, ఈ మూడింటినీ కలిపి మంచి బుద్ధులు అనేస్తాం. పిల్లల మనస్తత్వం మీద గత యాభై ఏళ్లలో జరిగిన పరిశోధనలు చూస్తే ఇవి వేర్వేరు వయసుల్లో, వేర్వేరు దారుల్లో వస్తాయని తెలుస్తుంది. మొదటిది చాలావరకు పిల్లల్లో ముందే ఉంటుంది, దాన్ని అణచకుండా ఉంటే చాలు. రెండోది ఏడెనిమిదేళ్ల వయసు దాకా మెల్లగా కుదురుకుంటుంది. మూడోది పెద్దవాళ్లకే కష్టం. మూడింటిలోనూ కనిపించే విషయం ఒక్కటే: ఆజ్ఞాపిస్తే రావు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేదేమో ఆజ్ఞాపించడమే.

సాయం చేసే బుద్ధి ఎక్కడికి పోతుంది?

జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పద్దెనిమిది నెలల పసివాళ్ల ముందు ఒక కొత్త మనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు, అందుకోలేక చెయ్యి చాపుతాడు. లేదా చేతుల నిండా పుస్తకాలు పట్టుకుని మూసి ఉన్న అలమరా దగ్గరికి వెళ్లి తలుపు తెరవలేక ఇబ్బంది పడతాడు. సాయం చెయ్యమని అడగడు, చేస్తే ఏమీ ఇవ్వడు. 24 మంది పిల్లల్లో 22 మంది కనీసం ఒక్కసారైనా వెళ్లి సాయం చేశారు. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని వయసు అది. అతను క్లిప్పును కావాలనే పడేసినట్టు కనిపించినప్పుడు మాత్రం పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. అంటే క్లిప్పు కనిపించింది కదా అని తీసి ఇవ్వలేదు, ఎదుటి మనిషికి అవసరం ఉందని గ్రహించి ఇచ్చారు.

ఇది తెలుగు ఇళ్లలోనూ రోజూ కనిపించేదే. చీపురు పట్టుకుని ఊడుస్తానని వెంటపడేది రెండేళ్ల పిల్లే. చపాతీ పిండి నేనూ ఒత్తుతానంటుంది, బకెట్‌లో బట్టలు నేనూ జాడిస్తానంటుంది. మనకేమో టైము లేదు. "నువ్వు ముట్టుకోకు, పాడుచేస్తావ్, వెళ్లి కూర్చో" అని చేతిలో ఫోన్ పెడతాం. కొంచెం పెద్దయ్యాక "నీ పని చదువుకోవడమే, ఇవన్నీ మేం చూసుకుంటాం" అంటాం. అబ్బాయిల విషయంలో ఇది మరీ ఎక్కువ. పదమూడేళ్లు వచ్చాక, అమ్మకు జ్వరం వచ్చి మంచం మీద ఉంటే మంచినీళ్ల గ్లాసు కూడా అందించలేదని బాధపడతాం. ఆ పిల్లాడి మనసు రాయి కాదు. ఇంట్లో ఎవరికి ఏం అవసరమో గమనించే పని తనది కాదని పదేళ్లుగా నేర్చుకున్నాడు, అంతే.

డబ్బు, చాక్లెట్ ఆశ చూపించి సాయం చేయించడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అదే పరిశోధకులు 2008లో ఇరవై నెలల పిల్లలతో ఇంకో ప్రయోగం చేశారు. సాయం చేసినప్పుడల్లా కొందరికి ఆడుకోవడానికి ఒక వస్తువు ఇచ్చారు, కొందరిని మెచ్చుకున్నారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఆ బహుమతులు ఆపేసి చూస్తే, అంతకుముందు వస్తువు పుచ్చుకున్న పిల్లలు మిగతావాళ్ల కన్నా తక్కువ సాయం చేశారు. "చెల్లిని కాసేపు ఆడించు, డైరీ మిల్క్ కొనిస్తా" అన్నప్పుడు ఆ పూటకు పని జరుగుతుంది. కానీ చెల్లిని ఆడించడం అంటే డైరీ మిల్క్ కోసం చేసే పని అని పిల్లకు అర్థమవుతుంది. దానికి బదులు జరిగింది చూపిస్తే చాలు: "నువ్వు ఆడించావు కదా, అందుకే నేను వంట త్వరగా చెయ్యగలిగాను, చెల్లి ఎలా నవ్వుతోందో చూడు." ఇది పొగడ్త కాదు. తన పని ఎవరికి ఎలా అందిందో పిల్ల కళ్లతో చూడటం.

పసివాళ్ల దయలో ఒక చిత్రమైన పరిమితి ఉంటుంది. తల్లి ఏడుస్తుంటే రెండేళ్ల పిల్ల తన బొమ్మ తెచ్చి ఒళ్లో పెడుతుంది. తనను ఏది ఊరడిస్తుందో అదే అందరినీ ఊరడిస్తుందని ఆ వయసు పిల్లల నమ్మకం. అమెరికన్ మనస్తత్వవేత్త మార్టిన్ హాఫ్‌మన్ దీనికి ఒక ఉదాహరణ చెబుతాడు: స్నేహితుడు ఏడుస్తుంటే, వాడి తల్లి ఆ పక్కనే ఉన్నా సరే, ఈ పిల్లాడు పరిగెత్తి తన సొంత తల్లిని తీసుకొచ్చాడు. ఎదుటివాళ్ల మనసులో ఉన్నది తన మనసులో ఉన్నదానికి వేరుగా ఉండొచ్చని పిల్లలకు నాలుగేళ్ల ప్రాంతంలోనే స్పష్టంగా అర్థమవుతుంది. కాబట్టి రెండున్నరేళ్ల పిల్లాడు ఇంకొకరిని కొరికినప్పుడు "వాడి మనసు ఎంత బాధపడిందో ఆలోచించావా" అని పెద్ద ఉపన్యాసం ఇవ్వడం దండగ. "చూడు, ఇక్కడ ఎర్రగా అయింది, నొప్పిగా ఉంది, ఏడుస్తున్నాడు" అని చూపించి, అక్కణ్నుంచి పక్కకు తీసుకెళితే సరిపోతుంది.

ఇవ్వడం, ఇప్పించడం

సాయం చేయడంలో పిల్లలకు పోయేదేమీ ఉండదు. ఇవ్వడంలో పోతుంది. అందుకే ఇది కష్టం. ఆర్థికవేత్త ఎర్న్‌స్ట్ ఫేర్ బృందం స్విట్జర్లాండ్ పిల్లలతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు మిఠాయిలూ నువ్వే ఉంచుకుంటావా, ఒకటి ఇంకొకరికి ఇస్తావా అని అడిగితే మూడు, నాలుగేళ్ల పిల్లల్లో నూటికి పది మంది కూడా ఇవ్వలేదు. ఏడెనిమిదేళ్ల పిల్లల్లో సగానికి దగ్గరగా ఇచ్చారు. ఇంకో అధ్యయనం 2013లో వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి, ఎన్ని పంచాలి అని అడిగారు. అందరూ, మూడేళ్లవాళ్లు కూడా, సమానంగా పంచాలనే చెప్పారు. తీరా పంచేటప్పుడు చిన్నవాళ్లు ఎక్కువ తమ దగ్గరే ఉంచుకున్నారు. పైగా "నువ్వు నిజంగా ఎన్ని ఇస్తావు" అని అడిగితే, తక్కువే ఇస్తామని ముందే ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

నాకు ఇది చాలా ఊరటనిచ్చే విషయంగా అనిపిస్తుంది. నాలుగేళ్ల పిల్ల తన బొమ్మను గుండెకు హత్తుకుని "నాది" అని అరుస్తుంటే బంధువుల ముందు తల్లిదండ్రులు సిగ్గుతో కుంచించుకుపోతారు. పిల్లకు నీతి తెలియక కాదు, తెలిసిన నీతిని చేతల్లో పెట్టే బలం ఇంకా రాలేదు. దానికి మనం చేసేదేమిటి? చేతిలోంచి లాగి "అలా ఏడవకూడదు, గుడ్ గర్ల్ కదూ" అంటూ వచ్చిన పాపకి ఇచ్చేస్తాం. ఆ పూట ఇచ్చింది మనం. పిల్లకు జరిగింది ఇవ్వడం కాదు, పోగొట్టుకోవడం.

కార్నెల్ యూనివర్సిటీలో నదియా చెర్న్యాక్, తమార్ కుష్నిర్ ఈ తేడాను పరీక్షించి 2013లో ప్రచురించారు. దిగులుగా ఉన్న ఒక కుక్కపిల్ల బొమ్మ కోసం ప్రీస్కూల్ పిల్లలకు ఒక స్టిక్కర్ ఇచ్చారు. కొందరికి "నువ్వు ఉంచుకోవచ్చు, లేదా దానికి ఇవ్వొచ్చు, నీ ఇష్టం" అన్నారు. కొందరికి "దానికి ఇచ్చెయ్యాలి" అని చెప్పారు. ఆ తర్వాత ఇంకో కొత్త బొమ్మ వచ్చినప్పుడు, మొదట తమ ఇష్టంతో ఇచ్చిన పిల్లలు ఎక్కువ స్టిక్కర్లు పంచారు. ఉంచుకునే వీలు ఉండి కూడా ఇచ్చినప్పుడు, "నేను ఇచ్చేదాన్ని" అని పిల్లకు తన మీద తనకే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. బలవంతాన ఇచ్చిన పిల్లకు ఆ అభిప్రాయం ఏర్పడే అవకాశమే లేదు.

ఇప్పుడు మన అలవాట్లు చూడండి. గుడికి వెళితే హుండీ ముందు పిల్లను ఎత్తుకుని, చేతిలో పది రూపాయల నోటు పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని మనమే వేయిస్తాం. బయట మెట్ల మీద కూర్చున్న ముసలామెకు కూడా అలాగే. పిల్లకు అది డబ్బాలో కాగితం వేసే ఆట. చెడ్డదేం కాదు, కానీ దాన్ని దానం నేర్పడం అనుకుంటే పొరపాటు. అదే పిల్లకు పండగ డబ్బులుగా తాతయ్య ఇచ్చిన వంద రూపాయలు సొంతంగా ఉన్నాయనుకోండి, దారిలో ఎవరినో చూసి "వాళ్లకి ఇవ్వనా" అని అడిగిందనుకోండి, అప్పుడు జరిగేది వేరు. ఇవ్వనని అన్నా ఆ సంగతి అక్కడితో వదిలెయ్యాలి. వద్దనే వీలు లేని చోట ఇష్టం అనే మాటకు విలువ ఉండదు.

మన పండగల్లో దీనికి చక్కటి ఏర్పాట్లు ఉన్నాయి, వాటిని మనం సరిగ్గా గుర్తించలేదని నా అభిప్రాయం. ధనుర్మాసంలో హరిదాసు వీధిలోకి వస్తే ఇంట్లో పిల్లలే దోసిలి నిండా బియ్యం తీసుకుని బయటికి పరిగెత్తేవాళ్లు. నెత్తి మీద పాత్రతో ఆయన వంగితే, పిల్లలు తమ చేత్తో అందులో పోసేవాళ్లు. ఇచ్చేది పిల్ల, వంగి పుచ్చుకునేది పెద్దమనిషి, మొహాలు ఎదురెదురుగా ఉంటాయి, ఎవరికీ చిన్నతనం లేదు. తెలంగాణలో బతుకమ్మ ఆడాక మలీద ముద్దలు, సద్దులు ఒకరికొకరు పంచుకునేటప్పుడు ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ అంటూ రెండు వర్గాలు ఉండవు. వినాయక చవితి పందిళ్ల దగ్గర అన్నదానం జరిగితే పదేళ్ల పిల్లలు నీళ్ల జగ్గులు పట్టుకుని వరసల మధ్య తిరుగుతారు. ఎవరి ఆకులో ఏది అయిపోయిందో చూడటం, అడక్కముందే వడ్డించడం, తాము చివర్లో తినడం, ఇవన్నీ ఆ ఒక్క మధ్యాహ్నంలో వస్తాయి. మీ కాలనీలో ఇలాంటిది జరుగుతుంటే పిల్లల్ని తినడానికి మాత్రమే కాదు, వడ్డించడానికీ పంపండి.

దీనికి పూర్తిగా విరుద్ధమైనవి రెండు అలవాట్లు. ఒకటి, పనికిరానివి మాత్రమే ఇవ్వడం: చిరిగిన గౌను, చక్రం ఊడిన కారు, నిన్నటి కూర. చిన్నపిల్లలు ఇచ్చేటప్పుడు ఎంత ఆనందిస్తారో చూసిన ఒక కెనడా అధ్యయనం 2012లో వచ్చింది. రెండేళ్లు నిండని పిల్లలు తమ గిన్నెలోని బిస్కెట్లు తీసి ఇచ్చినప్పుడు, పెద్దవాళ్లు ఇవ్వమని వేరేగా అందించినవి ఇచ్చినప్పటి కన్నా ఎక్కువ సంతోషంగా కనిపించారు. తనకు ఇష్టమైనదాంట్లోంచి ఇవ్వడంలోనే ఆ ఆనందం ఉంది. రెండోది, పుట్టినరోజున అనాథాశ్రమానికి వెళ్లి కేక్ కోసి ఫొటోలు దిగడం. మంచి మనసుతోనే చేస్తారు. కానీ అక్కడి పిల్లలు ముక్కూమొహం తెలియని వాళ్ల పుట్టినరోజుకు వరసగా నిలబడి పాట పాడాలి. మన పిల్ల అక్కణ్నుంచి దయ నేర్చుకుని వస్తుందా, తాను పైన ఉన్నానని నేర్చుకుని వస్తుందా అన్నది ఆ గంటలో మనం ఎలా మసలుకున్నామన్న దాని మీద ఉంటుంది. కెమెరా లేకుండా, ప్రతి నెలా వెళ్లి కాసేపు కలిసి ఆడుకుని వచ్చే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల పిల్లలకు అక్కడి పిల్లలు పేరుపేరునా తెలుసు.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇంకో చిక్కు. "నువ్వు పెద్దదానివి కదమ్మా, తమ్ముడు చిన్నోడు, ఇచ్చెయ్." ఈ మాట పడని అక్క తెలుగు ఇళ్లలో ఉండదు. పెద్దపిల్లకు దానగుణం రాకపోగా తమ్ముడి మీద కచ్చ పెరుగుతుంది. తమ్ముడికేమో ఏడిస్తే వస్తుందని తెలిసిపోతుంది. "అక్క ఆడుకోవడం అయ్యాక నీకు ఇస్తుంది, అప్పటిదాకా ఆగాలి" అని చిన్నవాడికి చెప్పడం న్యాయం. ఆట ముగించి ఇచ్చేది అప్పుడు అక్కే.

మనవాళ్లు అనే గీత

ఇందాకటి స్విట్జర్లాండ్ అధ్యయనంలో ఇంకో ఫలితం కూడా ఉంది, అది అంత సంతోషపెట్టేది కాదు. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ తమ స్కూలు పిల్లలకు ఎక్కువగా, వేరే స్కూలువాళ్లకు తక్కువగా ఇచ్చారు. పంచే గుణం పెరిగేకొద్దీ మనవాళ్లు, పరాయివాళ్లు అనే గీత కూడా దానితో పాటే పెరుగుతుంది. ఈ గీత ఎక్కడ గీయాలో పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు. పని చేసే ఆమెకు టీ వేరే గ్లాసులో ఇస్తే, ఆ గ్లాసు సింక్ పక్కన వేరుగా బోర్లిస్తే, ఆమె కింద కూర్చుని తాగితే, దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడకపోయినా నాలుగేళ్ల పిల్లకు అంతా అర్థమవుతుంది. డెలివరీ కుర్రాడు లిఫ్ట్ లేక ఐదో అంతస్తుకు ఎక్కి వస్తే తలుపు సందులోంచి పార్సిల్ లాక్కుని తలుపు వేసేస్తామా, మంచినీళ్లు కావాలా తమ్ముడూ అని అడుగుతామా అన్నది కూడా చూస్తారు.

మాట కన్నా చేత ఎక్కువ పనిచేస్తుందని అందరం అంటాం. మనస్తత్వవేత్త ఫిలిప్ రష్టన్ 1975లో దీన్ని ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలతో పరీక్షించాడు. ఆటలో గెలిచిన టోకెన్లను దాచుకోవచ్చు, లేదా పేదపిల్లలకు ఇవ్వొచ్చు. ఒక పెద్దమనిషి ముందుగా ఆడి చూపిస్తాడు. కొన్నిసార్లు ఇస్తాడు, కొన్నిసార్లు దాచుకుంటాడు. ఇవ్వడం మంచిదని నోటితో చెబుతూ తాను దాచుకునే సందర్భాలూ పెట్టాడు. అప్పటికప్పుడు పిల్లలు అనుసరించింది ఆయన చేసినదాన్నే. రెండు నెలల తర్వాత మళ్లీ చూసినప్పుడు కూడా ఆ ప్రభావం పోలేదు.

ర్యాంకుల సంగతి చెప్పకపోతే తెలుగు తల్లిదండ్రుల గురించి రాసినట్టే కాదు. హార్వర్డ్ ఎడ్యుకేషన్ స్కూల్‌కు చెందిన ఒక ప్రాజెక్టు 2014లో అమెరికాలోని 33 స్కూళ్లలో పది వేల మంది విద్యార్థులను అడిగింది. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటంటే దాదాపు 80 శాతం మంది విజయమో, సొంత ఆనందమో అన్నారు. ఇతరుల పట్ల శ్రద్ధ అన్నవాళ్లు 20 శాతమే. నేను తోటివాళ్లకు సాయపడితే కన్నా మంచి మార్కులు తెచ్చుకుంటేనే మా అమ్మానాన్న గర్వపడతారు అన్నవాళ్లు, దానికి వ్యతిరేకంగా చెప్పినవాళ్ల కన్నా మూడు రెట్లు ఉన్నారు. తల్లిదండ్రులను అడిగితే పిల్లల మంచితనమే ముఖ్యమని చెప్పి ఉండేవాళ్లేమో, పిల్లలకు మాత్రం అలా వినిపించలేదు. మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే మన కార్పొరేట్ కాలేజీల్లో ఈ ప్రశ్న అడిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అక్కడ జ్వరం వచ్చి రెండు రోజులు రాని క్లాస్‌మేట్‌కు నోట్స్ ఇవ్వడం కూడా ఒక నష్టంలా కనిపిస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లను "టెస్ట్‌లో ఎన్ని వచ్చాయి, హయ్యెస్ట్ ఎంత" అనే రెండు ప్రశ్నలు రోజూ అడుగుతాం. "ఇవాళ ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా?" అన్నది ఎప్పుడైనా అడిగామా?

క్షమించమని చెప్పే ముందు

బడిలో ఇద్దరు కొట్టుకుంటే టీచర్ చేసేది ఒకటే. "సారీ చెప్పు. నువ్వు ఇట్స్ ఓకే అను. ఇద్దరూ చేతులు కలపండి." అర నిమిషంలో పంచాయితీ తేలిపోతుంది. కొట్టినవాడు అక్షరాలు పలికాడు, దెబ్బ తిన్నవాడూ అక్షరాలు పలికాడు. వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఆరేడేళ్ల పిల్లలు కప్పులతో గోపురం కడుతుంటే ఒక పెద్ద మనిషి తగిలి పడగొడుతుంది. సారీ అని ఊరుకున్నప్పుడు పిల్లల మనసు పూర్తిగా కుదుటపడలేదు. పడగొట్టిన మనిషి మళ్లీ కట్టడానికి సాయం చేసినప్పుడే కుదుటపడింది. ఏడేళ్లు దాటిన పిల్లలు, పెద్దవాళ్లు బలవంతపెట్టి చెప్పించిన సారీని నిజమైన సారీగా లెక్కపెట్టరని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. మరి మనం పాడుచేసినదాన్ని బాగుచేయించకుండా సారీ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాం? తమ్ముడి బొమ్మ చించేస్తే టేప్ తెచ్చి అతికించాలి. ఫ్రెండ్ నోట్‌బుక్ మీద నీళ్లు పోస్తే ఆ పేజీలు తిరిగి రాసి ఇవ్వాలి. సారీ ఆ పని జరుగుతుండగా దానంతట అదే వస్తుంది, రాకపోయినా జరగాల్సింది జరిగింది.

హాఫ్‌మన్ క్రమశిక్షణను మూడు రకాలుగా చూశాడు: బలప్రయోగం, ప్రేమను దూరం చేయడం, చేసిన పని వల్ల ఎదుటివాళ్లకు ఏమైందో వివరించడం. మొదటిది కొట్టడం, అరవడం. రెండోది "పో, నీతో మాట్లాడను" అని మూతి ముడుచుకోవడం, ఇది మన ఇళ్లలో కొట్టడం కన్నా ఎక్కువ. మూడోదాంట్లో పెరిగిన పిల్లల్లోనే ఎదుటివాళ్ల బాధ పట్టించుకునే గుణం బలంగా ఉంటుందని ఆయన పరిశోధన. కొడితే పిల్లకు తన నొప్పి మీదే ధ్యాస ఉంటుంది, తాను పెట్టిన నొప్పి మీద ఉండదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇళ్లకు అలాంటి సెక్షన్ లేదు, ఉండక్కర్లేదు కూడా, ఈ ఒక్క కారణం అర్థమైతే.

ఇక క్షమించడం. విస్కాన్సిన్ యూనివర్సిటీలో రాబర్ట్ ఎన్‌రైట్ దశాబ్దాలుగా దీని మీద పనిచేస్తున్నాడు. మతకలహాలతో దెబ్బతిన్న ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ ప్రైమరీ స్కూళ్లలో 2002 నుంచి ఆయన బృందం తయారుచేసిన పాఠాలు చెబుతున్నారు. చిన్న క్లాసుల పిల్లలకు క్షమించమని చెప్పరు, కథల్లో పాత్రలు ఏం చేశాయో మాట్లాడిస్తారు. ప్రతి మనిషికీ విలువ ఉందన్న దగ్గర మొదలుపెడతారు. ఆయన గట్టిగా చెప్పేది ఒకటుంది. క్షమించడం అంటే జరిగింది తప్పు కాదనడం కాదు, మరిచిపోవడం కాదు, మళ్లీ కలిసిపోవడం కూడా కాదు. మనసులోని పగ వదిలేసి కూడా ఆ మనిషికి దూరంగా ఉండొచ్చు.

దీనికి మన దగ్గర ఉన్నంత గొప్ప కథ ఇంకెక్కడా నాకు కనిపించలేదు. భాగవతం మొదటి స్కంధంలో, నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఆమె వదిలెయ్యమంటుంది. నేను నా పిల్లల కోసం ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదంటుంది. భీముడికి ఇష్టం ఉండదు. చివరికి అర్జునుడు అశ్వత్థామ తల గొరిగి, శిరోమణి తీసుకుని, శిబిరం నుంచి వెళ్లగొడతాడు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ద్రౌపది క్షమించింది అన్న చోట ఆపేస్తాం. మిగతాది కూడా చెప్పాలి. ఆమె ఏమీ జరగలేదని అనలేదు, తన కడుపుకోత దాచుకోలేదు. క్షమించమని ఆమెను ఎవరూ ఒత్తిడి చేయలేదు. ప్రాణం మిగిలింది కానీ చేసిన పాపానికి ఫలితం లేకుండా పోలేదు. ఎనిమిదేళ్ల పిల్లతో ఈ కథ మీద మాట్లాడి చూడండి, భీముడి పక్షాన వాదిస్తుంది. వాదించనివ్వండి.

పిల్లల లోకంలో దీనికి ఒక పద్ధతి ముందే ఉంది. "నీతో కటీఫ్" అంటారు, రెండు రోజులు మొహం తిప్పుకుంటారు, మూడో రోజు ఒకరి టిఫిన్ బాక్సులోంచి ఇంకొకరు తింటూ కనిపిస్తారు. ఎవరూ కూర్చోబెట్టి రాజీ చేయలేదు. చాలా గొడవల్లో పెద్దవాళ్లు చేయగలిగిన మేలు, వాళ్ల గొడవను మన రెండు కుటుంబాల గొడవగా మార్చకపోవడం. కాలనీ వాట్సాప్ గ్రూపులో తల్లులు మాటామాటా అనుకుంటున్నప్పటికి పిల్లలు కింద కలిసి క్రికెట్ ఆడుకుంటూ ఉంటారు.

పిల్ల ఏడుస్తూ వచ్చి "అది నన్ను ఆటలో చేర్చుకోలేదు" అంటే, "పోనీలే, ఇంత చిన్న విషయానికా" అనడం క్షమ నేర్పడం కాదు. బాధ పడ్డానని ఒప్పుకోకపోతే క్షమించడానికి అక్కడ ఏమీ ఉండదు. ముందు వినాలి. "నిన్ను పక్కన పెట్టేస్తే బాధగానే ఉంటుంది" అనాలి. ఆ తర్వాత, అదే రోజు కాకపోయినా సరే, "అది ఎందుకలా చేసి ఉంటుంది?" అని అడగొచ్చు.

ఇందులో ఆడపిల్లల విషయం వేరుగా చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన ఇళ్లలో క్షమ అనే పాఠం ఎక్కువగా ఆడపిల్లలకే చెబుతాం, దాని పేరు సర్దుకుపోవడం. అన్న కొడితే "మగపిల్లాడు, కోపం ఎక్కువ, నువ్వే ఊరుకో" అంటాం. పదేళ్ల తర్వాత అత్తగారింట్లో చెయ్యి చేసుకున్నా ఊరుకోవడం అక్కడే మొదలవుతుంది. క్షమ బలమున్నవాళ్లు ఇష్టపడి ఇచ్చేది. భయంతో, గత్యంతరం లేక నోరు మూసుకోవడాన్ని ఆ పేరుతో పిలవకూడదు. పిల్ల "నాకు ఇష్టం లేదు, మళ్లీ ఇలా చెయ్యొద్దు" అని గట్టిగా అనగలిగితేనే, తర్వాత ఎప్పుడైనా వదిలెయ్యడానికి అర్థం ఉంటుంది. దయ ఉన్న పిల్లలు ఎదురు మాట్లాడని పిల్లలే అయి ఉండాలన్న లెక్క ఎక్కడా లేదు. క్లాసులో ఒకరిని ఏడిపిస్తుంటే అడ్డుపడే పిల్లలు చాలాసార్లు ఇంట్లో వాదించే పిల్లలే.

బంధువో, ఇంటికి వచ్చిపోయే మనిషో, ట్యూషన్ మాస్టారో ఒంటి మీద చెయ్యి వేశాడని పిల్ల చెప్పిందంటే అక్కడ క్షమ ప్రసక్తే రాకూడదు. "ఇంట్లోవాళ్లే కదా, పెద్దది చెయ్యొద్దు" అనే మాట పిల్లకు రెండోసారి చేసే అన్యాయం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు దాన్ని పోలీసులకు తెలియజేయాల్సిందే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా, పిల్లలే అయినా, ఫోన్ చేయొచ్చు. ఈ నంబర్ బడికి వెళ్లే ప్రతి పిల్లకూ నోటికి వచ్చి ఉండాలి.

పిల్లలు క్షమించడం నేర్చుకునేది ముఖ్యంగా మన మీదే. రోజూ వాళ్లను నొప్పించేది మనమే కాబట్టి. ఆఫీసు టెన్షన్ తెచ్చి వాళ్ల మీద చూపిస్తాం, చెప్పేది వినకుండా అరుస్తాం, తప్పు అక్కది అయితే చెల్లిని తిడతాం. తర్వాత మనకు తెలుస్తుంది. అప్పుడు సారీ అనడానికి నోరు రాక ఐస్‌క్రీమ్ తెస్తాం, లేదా ఏమీ జరగనట్టు "రా నాన్నా, అన్నం తిందువు" అంటాం. పెద్దవాళ్లు పిల్లలకు సారీ చెబితే అలుసైపోతామన్న భయం మనలో చాలా లోతుగా ఉంది. నేను చూసినంతలో అలుసైపోయినవాళ్లు ఎవరూ లేరు. చెప్పేటప్పుడు చేసింది పేరు పెట్టి చెప్పాలి: "నువ్వు చెప్పేది వినకుండా నీ మీద అరిచాను. చెల్లి ముందు తిట్టాను. అలా చెయ్యకుండా ఉండాల్సింది." దాని వెనక "కానీ నువ్వు కూడా..." అని తగిలించకూడదు. పిల్ల చేసిన పొరపాటు ఉంటే అది వేరే పూట మాట్లాడొచ్చు.

చెప్పగానే పిల్ల మెడ చుట్టూ చేతులు వేస్తుందని ఎదురుచూడొద్దు. "నాకు ఇంకా కోపం తగ్గలేదు" అనొచ్చు, తలుపు వేసుకోవచ్చు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలైతే "నువ్వెప్పుడూ ఇంతే" అంటారు. ఆ మాటకు మళ్లీ కోపం తెచ్చుకుంటే మొదటి సారీ కొట్టుకుపోతుంది. ఇంకా ఎప్పుడెప్పుడు ఇలా జరిగిందో అడిగి, చెప్పేదంతా మధ్యలో ఆపకుండా వినాలి. కొన్ని మనకు గుర్తు కూడా ఉండవు, పిల్లలకు ఏ రోజు, ఏ డ్రెస్ వేసుకుని ఉన్నప్పుడు అన్నామో సహా గుర్తుంటుంది.